మినీ ట్రాక్టర్ ఫైబర్ బానెట్, మడ్‌గార్డ్ పగిలితే గట్టిగా బాగుచేసుకునే పద్ధతి

ఉద్దానం తోటల్లో తిరిగే పాత మినీ ట్రాక్టర్లలో ఇంజను ఇంకా బాగానే లాగుతుంటుంది, పైనున్న ఫైబరే ముక్కలై ఉంటుంది. కొబ్బరికాయ పడి బానెట్ చిట్లుతుంది. జీడితోటలో వంగిన కొమ్మ తగిలి మడ్‌గార్డ్ అంచు ఊడిపోతుంది. అదురుడికి బోల్టు రంధ్రాలు సాగి, అక్కణ్ణుంచి పగుళ్లు పాకుతాయి. "దీనికి ఏ పుట్టీ పెట్టాలి?" అని చాలామంది అడుగుతున్నారు. ఫైబర్ అంటే గాజు పోగుల్ని రెసిన్ అనే గట్టిపడే జిగురుతో పట్టించింది. పుట్టీతో అది అతకదు. పుట్టీ గీతల్ని కప్పుతుందంతే. బలం రావాలంటే తెగిన గాజు పోగుల స్థానంలో కొత్త గాజు పోగులు పడాలి, అది కూడా వెనకవైపు నుంచి.

ఈ సంగతి నాకు ఒక మడ్‌గార్డ్ పాడయ్యాకే తెలిసింది. టౌన్లో ఒక పెయింటర్ దగ్గర చేయించాను. కొత్తదానిలా మెరిసింది. ఒక్క సీజన్ దున్నేసరికి సరిగ్గా అదే గీత మీద మళ్లీ పగిలింది. గీకి చూస్తే లోపల విరిగింది విరిగినట్టే ఉంది, పైన వేలి మందం లప్పం. తర్వాత భావనపాడు తీరంలో ఫైబర్ బోటుకి చిల్లు పూడుస్తుంటే పక్కనే కూర్చుని చూశాను. ఆ పెద్దాయన మొదట చెప్పిన మాట ఇది: "ఎనకాల సూడండి బాబూ, అసలు దెబ్బ అక్కడుంటాది." కింద రాసిన పద్ధతి చాలావరకు బోట్లకు చేసేదే. ట్రాక్టర్ ప్యానెల్ పలుచన కాబట్టి కొలతలు మారతాయి.

1. ముందు అది ఫైబరేనా అని తేల్చుకోండి

అయస్కాంతం అంటుకుంటే అది ఇనుప రేకు. పాత ట్రాక్టర్లలో బానెట్ రేకుదై, మడ్‌గార్డ్ మాత్రమే ఫైబర్‌ది కావచ్చు. కాబట్టి ఒక్కో ముక్కనీ విడిగా చూడండి.

అంటుకోకపోతే వెనకవైపు తిప్పండి. ఫైబర్ అయితే గరుగ్గా, రెసిన్ కింద అడ్డదిడ్డంగా పోగులు కనిపిస్తాయి. ప్లాస్టిక్ అయితే రెండు వైపులా నున్నగా ఉంటుంది, లోపల ఎక్కడో పీపీ, ఏబీఎస్ లాంటి అచ్చు అక్షరాలుంటాయి. అనుమానం తీరకపోతే కనిపించని చోట సాండ్ పేపర్‌తో రుద్దండి. ఫైబర్ తెల్లటి మెత్తని పొడి రాలుస్తుంది. ప్లాస్టిక్ వేడెక్కి ఉండలు కడుతుంది.

పీపీ ప్లాస్టిక్ అయితే ఇక్కడే ఆగిపోండి. దాని మీద ఈ రెసిన్ పట్టదు, గోటితో లాగితే ఊడొస్తుంది.

2. దెబ్బ ఎంతవరకు పాకిందో గుర్తు పెట్టండి

కంటికి కనిపించే పగులు ఎప్పుడూ అసలు దెబ్బకంటే చిన్నదే. రూపాయి బిళ్ల తీసుకుని పగులు చుట్టూ మెల్లగా తట్టుకుంటూ పొండి. బాగున్న చోట టక్ టక్ అని గట్టిగా పలుకుతుంది. లోపల పొరలు విడిపోయిన చోట శబ్దం బోలుగా, మెత్తగా మారుతుంది. మారిన ప్రతిచోటా మార్కర్‌తో చుక్క పెట్టి, చుక్కలన్నీ కలపండి. మీరు బాగుచేయాల్సిన జాగా అదీ.

సన్నటి వెంట్రుక పగుళ్లు కనిపించకపోతే తడిగుడ్డతో తుడిచి, వెంటనే పొడిగుడ్డతో తుడవండి. తడి పీల్చుకున్న పగుళ్లు నల్లటి గీతల్లా నిలుస్తాయి.

వెనక ఏమీ లేకుండా పైన మాత్రమే సాలెగూడులా పగుళ్లుంటే అది పై పూతకు తగిలిన దెబ్బే. దానికి 10వ భాగం ఒక్కటీ సరిపోతుంది.

3. కావలసిన సామాన్లు

పుట్టీ, పెయింటు శ్రీకాకుళం, విజయనగరం పెయింటు షాపుల్లో దొరుకుతాయి. మ్యాట్ (గాజు పోగులు పరిచిన చాప లాంటి షీటు), రెసిన్ కోసం విశాఖ వెళ్లాల్సి రావచ్చు. అంతకంటే ముందు, తీరంలో ఫైబర్ బోట్లు బాగుచేసేవాళ్లను అడిగి చూడండి. చిన్న పనికి కావలసినంత అక్కడే దొరికే అవకాశం ఉంది.

- పాలిస్టర్ రెసిన్, అర కిలో
- దాని హార్డనర్ (రెసిన్‌ని గట్టిపరిచేది), అవసరమైతే కోబాల్ట్ యాక్సిలరేటర్ (ఆ పని తొందరగా జరిగేలా చేసేది)
- ఫైబర్ మ్యాట్: 450 గ్రాములది ఒక మీటరు, 300 గ్రాములది అర మీటరు
- అసిటోన్ ఒక లీటరు
- సాండ్ పేపర్: 40, 80, 120 నంబర్లు, వాటర్ పేపర్: 320, 600
- చిన్న గ్రైండర్, ఫ్లాప్ డిస్క్
- అంగుళం, రెండంగుళాల బ్రష్‌లు, మళ్లీ పనికిరావనుకున్నవే
- సూది తీసేసిన 5 మి.లీ. సిరంజి (కోబాల్ట్ విడిగా కలపాల్సి వస్తే రెండు), వంటింటి తూకం
- నైట్రైల్ గ్లవ్స్, కళ్లద్దాలు, దుమ్ము మాస్కు, రెసిన్ ఆవిరికి కార్ట్రిడ్జ్ ఉన్న మాస్కు

మ్యాట్ మీద 450 అంటే చదరపు మీటరుకి 450 గ్రాముల బరువని అర్థం. అలాంటి ఒక పొర గట్టిపడ్డాక దాదాపు ఒక మి.మీ. మందం వస్తుంది. 3 మి.మీ. బానెట్‌కి మూడు పొరలన్నమాట.

రెసిన్ కొనేటప్పుడు షాపులో ఒక్క ప్రశ్న తప్పకుండా అడగండి: "ఇందులో కోబాల్ట్ ముందే కలిపారా?" కలిపి ఉంటే హార్డనర్ ఒక్కటే చాలు. లేకపోతే కోబాల్ట్ విడిగా ఇస్తారు. ఎంత కలపాలో వాళ్లు చెప్పిన లెక్క డబ్బా మీదే రాయించుకోండి.

పాలిస్టర్ బదులు ఎపాక్సీ అనే ఇంకో రకం రెసిన్ వాడాలనుకునేవాళ్లు ఈ మ్యాట్ కొనకండి. మ్యాట్‌లో పోగుల్ని పట్టి ఉంచే జిగురు పాలిస్టర్ రెసిన్‌లోనే కరుగుతుంది. ఎపాక్సీలో కరగదు కాబట్టి మ్యాట్ మెత్తబడక అట్టలా నిలబడిపోతుంది. ఎపాక్సీకి నేసిన గాజు గుడ్డే సరైంది.

4. జాగ్రత్తలు: ఈ భాగం దాటేయకండి

కోబాల్ట్‌నీ హార్డనర్‌నీ నేరుగా ఒకదాంట్లో ఒకటి ఎప్పుడూ పోయకూడదు. మంట లేవొచ్చు, పేలొచ్చు. ముందు కోబాల్ట్‌ని రెసిన్‌లో వేసి బాగా కలపాలి. అది పూర్తిగా కలిసిపోయాకే హార్డనర్ వేయాలి. రెండింటికీ ఒకే సిరంజి వాడకండి. రెండు సీసాలనూ పక్కపక్కన పెట్టకండి.

హార్డనర్ చుక్క కంట్లో పడితే చూపుకే ప్రమాదం. వెంటనే శుభ్రమైన నీళ్లతో కనీసం 15 నిమిషాలు ఆపకుండా కడిగి, నేరుగా ఆస్పత్రికి వెళ్లాలి. అందుకే మూత తీసే ముందే కళ్లద్దాలు పెట్టుకోవాలి, పక్కన ఒక బకెట్ నీళ్లుండాలి.

హార్డనర్ నీళ్లలా రంగు లేకుండా ఉంటుంది. తాగే నీళ్ల సీసాలో, కూల్‌డ్రింక్ సీసాలో పోసి ఇంట్లో పెట్టకండి. పిల్లలున్న ఇళ్లలో దీన్ని ఎంత గట్టిగా చెప్పినా తక్కువే.

అసిటోన్, రెసిన్ రెండూ తొందరగా అంటుకునేవే. బీడీ, పొయ్యి, వెల్డింగ్ దరిదాపుల్లో ఉండకూడదు. గది లోపల కాకుండా పశువుల శాల వసారా లాంటి గాలాడే నీడలో చేయండి.

గ్రైండింగ్ చేసేటప్పుడు పొడుగు చేతుల చొక్కా వేసుకోండి. గాజు పొడి పడి దురద పెడితే గోకకుండా ముందు చన్నీళ్లతో కడుక్కోండి. ఆ బట్టలు ఇంటి బట్టలతో కలిపి ఉతకొద్దు.

5. రోజు, వేళ చూసుకోండి

మన దగ్గర సంక్రాంతి వెళ్లాక మార్చి వరకు ఈ పనికి మంచి కాలం. వానాకాలంలో, తుపాను ముసురులో మ్యాట్ తేమ పీల్చుకుంటుంది. తేమ పట్టిన మ్యాట్ మీద రెసిన్ సరిగా గట్టిపడదు.

పొద్దున్న మంచు ఆరాక ఎనిమిదిన్నర, తొమ్మిదికి మొదలుపెట్టి పదకొండుకల్లా పొరలు వేయడం ముగించండి. మే ఎండలో మధ్యాహ్నం కలిపితే సగం పనిలోనే గిన్నెలో గడ్డకడుతుంది. ముందురోజు సాయంత్రానికే గ్రైండింగ్ వరకు ముగించుకుంటే తెల్లారి టెన్షన్ ఉండదు.

6. విప్పి, కడిగి, ఆరబెట్టండి

ప్యానెల్‌ని బండి మీద ఉంచి చేయకండి. ఎంత కష్టమైనా విప్పాలి. తుప్పు పట్టిన బోల్టులకు ముందురోజే నూనె పోసి ఉంచండి, కానీ ఆ నూనె పగుల్లోకి జారకుండా చూడండి.

ఇక్కడ వరస చాలా ముఖ్యం. ముందు సబ్బు నీళ్లు, తర్వాత ఆరబెట్టడం, తర్వాత అసిటోన్, ఆ తర్వాతే గ్రైండర్. చాలామంది నేరుగా గ్రైండర్ పెడతారు. అప్పుడు బానెట్ లోపలున్న డీజిల్ జిడ్డు, ఆయిల్ మరకలు గాజు పోగుల్లోకి దిగిపోతాయి. ఇక ఎన్నిసార్లు తుడిచినా పోవు.

అసిటోన్‌తో తుడిచేటప్పుడు రెండు గుడ్డలు వాడండి. ఒకటి తడిది, జిడ్డు కరిగించడానికి. రెండోది పొడిది, అది ఆరకముందే ఎత్తేయడానికి. పెట్రోలు, డీజిలు, కిరసనాయిలు వాడొద్దు, వాటి జిడ్డు మిగిలిపోతుంది.

కడిగాక కనీసం ఒక పూర్తి రోజు ఎండలో ఆరనివ్వండి. పగుల్లో నీళ్లు మీరనుకున్నదానికంటే ఎక్కువసేపు నిలుస్తాయి.

7. గ్రైండింగ్: పని నిలిచేదీ పోయేదీ ఇక్కడే

మొదట పగులు చివర ఎక్కడుందో చూసి అక్కడ 3 మి.మీ. రంధ్రం వేయండి. రెండు చివరలా వేయాలి. ఇది లేకపోతే బాగుచేసిన ముక్క పక్కనుంచే పగులు మళ్లీ పాకుతుంది.

ముందువైపు పగులు అంచులు సమానంగా కలిపి, అడ్డంగా టేపు ముక్కలు వేసి బిగించండి. వంపు తిరిగిన బానెట్ అయితే లోపల చెక్క ముక్క ఆనించి, దాని అసలు ఆకారంలోకి తెచ్చాకే టేపు వేయాలి. ఇప్పుడు వంకరగా అతికితే తర్వాత బోల్టు రంధ్రాలు కలవవు.

ఇక వెనకవైపు తిప్పండి. పగులు గీత దగ్గర లోతుగా, పక్కలకు పోయేకొద్దీ పలుచగా, పళ్లెం అంచులా ఏటవాలుగా గ్రైండ్ చేయాలి. కొలత ఇదీ: మందానికి 12 రెట్ల వెడల్పు. ప్యానెల్ 3 మి.మీ. ఉంటే పగులుకి ఒక్కోవైపు 36 మి.మీ. రెండు వైపులా కలిపితే 7 సెం.మీ. పైనే. చూడ్డానికి బాగున్న ఫైబర్‌ని పాడుచేస్తున్నట్టే ఉంటుంది, చెయ్యి ఆగుతుంది. ఆపకండి. కొత్త రెసిన్ పాతదాన్ని పట్టుకునేది ఈ ఏటవాలు మీదే. జాగా తగ్గితే పట్టు తగ్గుతుంది.

గీత దగ్గర పై రంగు పూత దాకా దిగొచ్చు, దాన్ని మాత్రం చీల్చకండి. మధ్యలో వెనక్కి వచ్చి వేలితో తడుముతూ ఉండండి. మెట్టు తగలకూడదు.

బిళ్లతో తట్టి గుర్తుపెట్టిన బోలు జాగా మొత్తం పోవాలి. తెల్లగా పొరలు విడిపోయిన ఫైబర్ కొంచెం మిగిలినా దాని మీద వేసిందంతా వృథా. గుంట చుట్టూ ఇంకో 5 సెం.మీ. మేర 40 నంబరుతో గరుకు చేయండి. చివరగా దుమ్ము దులిపి, అసిటోన్‌తో ఒకసారి తుడిచి, పది నిమిషాలు ఆరనివ్వండి. ఆ తర్వాత ఉత్త చేత్తో తాకొద్దు, చేతి జిడ్డు అంటుతుంది.

8. మ్యాట్ కత్తిరించి పెట్టుకోండి

రెసిన్ కలిపాక కత్తెర వెతుక్కునే టైం ఉండదు. అన్నీ ముందే కోసి, వరసగా పేపరు మీద పేర్చండి.

20 సెం.మీ. పగులుకు నేను కోసేది ఇలా:

- 450 మ్యాట్: 28 × 8 సెం.మీ.
- 450 మ్యాట్: 24 × 6 సెం.మీ.
- 450 మ్యాట్: 21 × 4 సెం.మీ.
- 300 మ్యాట్: 32 × 12 సెం.మీ., అన్నిటికంటే చివర, మొత్తాన్ని కప్పేలా

మ్యాట్ బరువు మొత్తం కలిపి 32 గ్రాములే. దానికి రెండున్నర రెట్లు రెసిన్ పడుతుంది, అంటే 80 గ్రాములు. బ్రష్‌కీ గిన్నెకీ పోయేది కలిపి 120 గ్రాములు అనుకోండి. కిలోలు కలపాల్సిన పని కాదిది.

పెద్ద ముక్క ముందా, చిన్న ముక్క ముందా అని అడుగుతుంటారు. రెండు పద్ధతులూ ఉన్నాయి. నేను పెద్దదే ముందు వేస్తాను, ఏటవాలు మొత్తాన్ని ఒకే తెగని పొర పట్టుకుంటుంది కాబట్టి.

9. కలపడం, పొరలు వేయడం

థర్మోకోల్ గ్లాసులో రెసిన్ పోయకండి, కళ్లముందే కరిగి కారిపోతుంది. ఖాళీ ఐస్‌క్రీం డబ్బా బాగుంటుంది.

100 గ్రాముల రెసిన్‌కి హార్డనర్ 1 నుంచి 2 మి.లీ. చలికాలం పొద్దున 2, మామూలు రోజుల్లో 1.5, ఎండాకాలంలో 1. ఒకటికి తగ్గించొద్దు, ఎంత వేడిగా ఉన్నా సరే. తగ్గితే ఎప్పటికీ పూర్తిగా గట్టిపడదు. రెండు దాటితే వేడెక్కి పెళుసుబారుతుంది. కంటి అంచనాతో పోయకుండా సిరంజితో కొలిచి పోయండి.

ఒకసారికి 150 గ్రాములు మించి కలపకండి. అడుగు, అంచులు గీకుతూ ఒక నిమిషం నెమ్మదిగా కలపండి. గిలకొట్టినట్టు కలిపితే గాలి బుడగలు చేరతాయి. చేతిలో సుమారు 15 నిమిషాలుంటాయి, ఎండాకాలంలో ఇంకా తక్కువ.

ముందు గుంటంతా బ్రష్‌తో రెసిన్ పూయండి. మొదటి ముక్క పరచండి. ఇప్పుడు బ్రష్‌ని గోడకు సున్నం వేసినట్టు లాగకండి, పొడుస్తున్నట్టు నిలువుగా కొట్టండి. లాగితే పోగులు చెదిరి ఒకచోట కుప్పవుతాయి.

తెల్లటి మ్యాట్ మీద దృష్టి పెట్టండి. రెసిన్ పీల్చుకునేకొద్దీ తెలుపు పోయి, తడిసిన పంచెలా అడుగు కనిపిస్తుంది. ఎక్కడైనా తెల్లటి మచ్చ మిగిలిందంటే అక్కడ గాలి ఉంది. మధ్య నుంచి అంచులకు కొట్టుకుంటూ బయటికి తోయండి. పూర్తిగా పారదర్శకం అయ్యాకే రెండో ముక్క వేయండి.

నాలుగు ముక్కలూ అయ్యాక రెసిన్ మడుగులా నిలిచిన చోట పొడి బ్రష్‌తో తీసేయండి. బలమిచ్చేది గాజు. రెసిన్ ఎక్కువైతే పెళుసే మిగులుతుంది.

గిన్నెలో మిగిలింది వేడెక్కి పొగలు రావచ్చు. ఎండుటాకుల పక్కనో చెత్తలోనో పడేయకుండా, ఆరుబయట మట్టి మీద పెట్టి చల్లారనివ్వండి. పనయ్యాక తెల్లారే వరకు ప్యానెల్‌ని కదపొద్దు.

10. ముందువైపు పని

మర్నాడు టేపు తీసి, పగులు గీత వెంబడి సన్నటి వి ఆకారపు గాడి తీయండి. అందులో పాలిస్టర్ బాడీ పుట్టీ నింపండి. పుట్టీకి సరైన చోటు ఇదే, 2 మి.మీ. మందం వరకు మాత్రమే.

80తో మొదలుపెట్టి 120, తర్వాత 320 వాటర్ పేపర్. పేపర్‌ని చెక్క ముక్కకు చుట్టి రుద్దండి. వేళ్లతో రుద్దితే గుంటలు పడి, రంగు వేశాక ఎండలో కనిపిస్తాయి. ప్రైమర్, ఆరాక 600, ఆపైన రంగు. హార్డనర్ కలిపే టూ ప్యాక్ పెయింటు అయితే దాని స్ప్రే మంచు ఊపిరితిత్తులకు చాలా చెడ్డది, సరైన మాస్కు ఉన్న స్ప్రే షాపులో కొట్టించండి. బ్రష్‌తో వేసే మామూలు ఎనామిల్ కూడా తోట బండికి చాలు.

11. సాగిన బోల్టు రంధ్రం, ఊడిపోయిన అంచు

సాగిన రంధ్రాన్ని పెద్ద వాషర్ వేసి సరిపెట్టకండి. రంధ్రం చుట్టూ రెండు వైపులా ఏటవాలుగా గ్రైండ్ చేసి, మ్యాట్ పొరలతో పూర్తిగా మూసేయండి. వెనకవైపు ఒక పొర అదనంగా వేయండి. గట్టిపడ్డాక బోల్టుకంటే 2 మి.మీ. పెద్ద రంధ్రం కొత్తగా వేయండి. ఆ ఖాళీ ఉంటేనే అదురుడు ఫైబర్ మీద పడదు.

అంచు ముక్క పోతే, ఆ వంపుకు ఒక అచ్చు కావాలి. వంపు సరళంగా ఉంటే గట్టి అట్టకు వెడల్పాటి ప్యాకింగ్ టేపు ముడతలు లేకుండా అంటించి, ముందువైపు నుంచి బిగించండి. వెనక నుంచి పొరలు వేయండి. టేపుకు రెసిన్ అంటుకోదు, తర్వాత అట్ట సులువుగా వచ్చేస్తుంది. అంచుని రెండు సెం.మీ. ఎక్కువగా పోసి, గట్టిపడ్డాక కొలిచి కోసుకోండి.

12. తేడా వస్తే ఏం చేయాలి

*పైపైన జిగటగా ఉంది, లోపల గట్టిగా ఉంది.* గాలి తగిలే పైపొర అలాగే ఉంటుంది, అది లోపం కాదు. అసిటోన్‌తో తుడిచి, సాండ్ పేపర్ పెట్టండి.

*గోరు దిగుతోంది, మరుసటి రోజు కూడా మెత్తగానే ఉంది.* హార్డనర్ తగ్గింది, లేదా సరిగా కలవలేదు, లేదా తేమ చేరింది. ఒక పూట మంచి ఎండలో పెట్టి చూడండి. అప్పటికీ మెత్తగా ఉంటే మొత్తం గీకేసి మళ్లీ చేయాలి. పైన ఇంకో పొర వేసి కప్పకండి.

*గట్టిపడ్డాక తెల్లటి మచ్చలు కనిపించాయి.* గోటి పరిమాణం దాటితే అక్కడి వరకు గ్రైండ్ చేసి, చిన్న ముక్క వేయండి.

*కొత్త పొర అంచు లేస్తోంది.* జిడ్డు మీద వేశారు, లేదా గరుకు చాల్లేదు. లేచినంత మేర తీసేసి 6వ భాగం నుంచి మళ్లీ మొదలుపెట్టండి.

13. తిరిగి బిగించడం

- ప్రతి బోల్టు కింద, పైన రబ్బరు వాషర్, దాని మీద వెడల్పాటి ఇనుప వాషర్
- అన్ని బోల్టులూ చేత్తో ఎక్కించాకే ఒక్కొక్కటీ బిగించడం
- రబ్బరు కొంచెం నొక్కుకోగానే ఆపేయడం, ఊడకుండా నైలాక్ నట్టు
- రంధ్రం కలవకపోతే ప్యానెల్‌ని లాగి బిగించకుండా, రంధ్రాన్నే సరిచేయడం
- సైలెన్సర్ గొట్టానికీ ఫైబర్‌కీ మధ్య కనీసం నాలుగు వేళ్ల ఖాళీ, లేకపోతే మధ్యలో రేకు అడ్డం

బిగించాక ఇంజను స్టార్ట్ చేసి ప్యానెల్ మీద అరచెయ్యి ఆనించండి. బండితోపాటు సన్నగా అదిరితే సరే. ఒక మూల గలగలమంటే ఆ మూల రబ్బరు చాల్లేదు, లేదా కింద బ్రాకెట్ విరిగి ఉంది. బ్రాకెట్‌ని వెల్డింగ్ చేయించాల్సి వస్తే ప్యానెల్ మళ్లీ విప్పాలి. పది గంటలు దున్నాక ఒకసారి వెనకవైపు చూడండి: పాచ్ అంచుల వెంట తెల్లటి గీత లేకపోతే, రంధ్రాల దగ్గర కొత్త వెంట్రుక పగుళ్లు రాకపోతే, బండిని ధైర్యంగా తోటలోకి దింపొచ్చు.